రైలు డ్రైవర్ల జీతభత్యాలు: మన ఇళ్ళవారు తెలుసుకోవలసిన సంగతులు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద మాకు విద్యను గూర్చి మాట్లాడమని చెప్పేవారు. ఈసారి కార్యదర్శిగారు జీతాన్ని గూర్చి మాట్లాడమన్నారు. అదీ రైలు డ్రైవర్ల జీతం. ఉర్దూ బడిలో లెక్కలు చెప్పుకునే మాకు రైలుతో ఏమి పని అని కొందరికి అనుమానం రావచ్చును. మన ఊరు జంక్షను. మా తరగతిలో ప్రతి బెంచీకీ ఒక రైల్వే పిల్లవాడు ఉంటాడు. పగటి పూట అబ్బాజాన్ పడుకుని ఉన్నారు, సంతకం చేయించలేకపోయాను సార్ అని ప్రోగ్రెస్ కార్డు వెనక్కు తెచ్చే పిల్లలను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాము. వాళ్ళ ఇళ్ళలో వచ్చే డబ్బు ఎట్లా వస్తున్నదో, ఎందుకు ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ వస్తున్నదో వాళ్ళ తల్లులకే సరిగా తెలియదు. ఒక చెల్లెలు మాతో, "మాస్టర్ సాబ్, మా ఆయన తన్‌ఖా ఎంత అని ఎవరైనా అడిగితే ఏ నెలది చెప్పమంటారు?" అన్నది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ ప్రసంగం.

ఇంకో కారణం కూడా ఉంది. సంబంధాలు కుదిర్చే ఖాలాలు మన వీధుల్లో "లడ్కా రైలు డ్రైవరు, లక్ష రూపాయల తన్‌ఖా" అని చెప్పి తిరుగుతున్నారు. ఆ లక్ష అబద్ధం కాదు. అట్లాగని పూర్తి నిజమూ కాదు. అందులో ఎంత స్థిరమైనది, ఎంత చక్రం తిరిగితేనే వచ్చేది అన్నది విడదీసి చూడాలి.

మొదట పేరు సంగతి. ఇప్పుడు రైల్వే కాగితాలలో డ్రైవరు అనే మాట లేదు, లోకో పైలట్ అంటారు. పక్కన కూర్చునే వాడు అసిస్టెంట్ లోకో పైలట్. ఆవిరి ఇంజన్ల రోజులలో ఫైర్‌మన్‌గా చేరి, బొగ్గు వేసి, ఏళ్ళ తరబడి కాచుకుని డ్రైవరు అయ్యేవారు. నేడు అసిస్టెంటుగా చేరి, తరువాత షంటింగ్, ఆ పైన గూడ్సు, తరువాత పాసెంజరు, చివరకు మెయిల్, ఎక్స్‌ప్రెస్. కాగితం మీద పేరు ఏదైనా మన వీధిలో మాత్రం డ్రైవర్ సాబే. మేమూ ఆ మాటే వాడుతాము.

జీతం రెండు కాళ్ళ మీద నిలుచుని ఉంటుంది. ఒక కాలు మూలజీతం, దాని మీద కరువుభత్యం, ఇంటి అద్దె భత్యం. ఇది ప్రతి ప్రభుత్వ ఉద్యోగికీ ఉన్నదే, మాకూ ఉన్నదే. రెండో కాలు రన్నింగ్ అలవెన్సు. దీనినే పాతవాళ్ళు మైలేజీ అంటారు, ఇప్పుడు కిలోమీటరు డబ్బు అంటున్నారు. ఇది బండి నడిపేవారికి, బండి వెనుక ఉండే గార్డులకు మాత్రమే ఉన్నది.

మొదటి కాలు చూద్దాము. 2016 జనవరి 1 నుండి లెక్కకు వచ్చిన 7వ వేతన సంఘం ప్రకారం కొత్తగా చేరే అసిస్టెంటుకు మూలజీతం 19,900 రూపాయలు. గూడ్సు డ్రైవరు అయితే 35,400 దగ్గర మొదలు. ఇక్కడ ఒక చిత్రం చూడండి. గూడ్సు, పాసెంజరు, మెయిల్ మూడింటికీ జీతపు మెట్టు ఒక్కటే. గూడ్సు నుండి మెయిల్‌కు ఎదిగితే పేరు పెరుగుతుంది, బాధ్యత పెరుగుతుంది, మెట్టు మాత్రం పెరగదు. ఆ లోటు తీర్చడానికి అదనపు భత్యం అని ఒకటి పెట్టారు. 2017లో దానిని మెయిల్ డ్రైవరుకు నెలకు 2,250 రూపాయలు చేశారు. గూడ్సు వారికి అంతకు ముందు ఏమీ లేదు, అప్పుడు 750 ఇచ్చారు. వెనుక పదిహేను వందల మంది ప్రాణాలు పెట్టుకుని పరుగెత్తే మనిషికి ఈ ప్రత్యేకమైన కూలి సరిపోతుందా అని మేము అడగము, మీరే అనుకోండి.

కరువుభత్యం ఏడాదికి రెండుసార్లు మారుతుంది. 2025 జూలై నుండి 58 శాతం అయింది. ఇంటి అద్దె భత్యం ఊరును బట్టి. 2024 జనవరి నుండి హైదరాబాదులో 30 శాతం, వరంగల్, విజయవాడ వంటి చోట్ల 20, చిన్న ఊళ్ళలో 10. రైల్వే క్వార్టరులో ఉంటే ఇది రాదు. ఈ సంగతి మరచిపోయి, క్వార్టరూ ఉంది, అద్దె భత్యమూ ఉంది అని రెండూ కలిపి చెప్పే ఖాలాలు ఉన్నారు, జాగ్రత్త.

ఇక రెండో కాలు. మా అభిప్రాయంలో ఈ సభలో అందరూ నేర్చుకోవలసినది ఇదే.

కంపెనీల కాలం నుండి బండి నడిపేవాడికి తిరిగిన దూరాన్ని బట్టి కొంత డబ్బు ఇచ్చే ఆచారం ఉంది. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు నిజాం లైను పడింది, 1889 నాటికి బెజవాడ దాకా వచ్చింది. ఆ లైను మీద తరతరాలుగా మనవాళ్ళు బొగ్గు వేశారు, బండ్లు నడిపారు. స్వాతంత్ర్యం తరువాత నిజాం రైల్వే కేంద్ర ప్రభుత్వం చేతిలోకి పోయింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. యజమాని మారాడు గాని కిలోమీటరు లెక్క మారలేదు. 1980లో ఒక కమిటీ వేసి, రన్నింగ్ అలవెన్సుకు ఒక సూత్రం కట్టారు. 1981 ఆగస్టు నుండి అది అమలులోకి వచ్చింది. దాని సారాంశం ఇది. కిలోమీటరు డబ్బులో రెండు వస్తువులు కలిసి ఉన్నాయి. ఒకటి జీతంలో భాగం. రెండవది పొరుగూరులో తినడానికి, ఉండడానికి అయ్యే ప్రయాణ భత్యం. ఇతర శాఖలలో గుమాస్తా క్యాంపుకు పోతే రోజుకు ఇంత అని డీఏ ఇస్తారు. డ్రైవరుకు తన మామూలు డ్యూటీలో ఆ డీఏ లేదు. అతడి దినసరి బత్తెం కిలోమీటర్లలోనే కలిసిపోయి ఉంది.

అందుచేత ఇంట్లోవాళ్ళు "కిలోమీటరు డబ్బు అంతా మిగులే గదా" అనుకోవడం తప్పు. అందులో కొంత రన్నింగ్ రూములో తిన్న చపాతీలకు, ప్లాట్‌ఫారం మీద తాగిన చాయ్‌కి పోయిన సొమ్మే.

రేటు ఎంత? 2018 నవంబరు దాకా 100 కిలోమీటర్లకు సుమారు 255 రూపాయలు ఉండేది. అప్పుడు దానిని సుమారు 520కి పెంచారు. తరగతిని బట్టి కొద్ది తేడా ఉంటుంది, అసిస్టెంటుకు తక్కువ. ఆ పెంపు కోసం రెండేళ్ళు కాచుకోవలసి వచ్చింది. ఆ 520 రేటుతోనే లెక్క చేద్దాము. సికింద్రాబాదు నుండి కాజీపేట మీదుగా విజయవాడ 350 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ నడిపిన డ్రైవరుకు ఒక్క పోకకు 1,820 రూపాయలు. బాగానే ఉంది. అదే గూడ్సు డ్రైవరు సికింద్రాబాదు నుండి కాజీపేటకు బయలుదేరాడనుకోండి. దూరం 132 కిలోమీటర్లు. దారిలో ప్రతి లూప్ లైనులో నిలబెట్టి, వెనుక నుండి వచ్చే ప్రతి ఎక్స్‌ప్రెస్‌కూ దారి ఇచ్చి, రాత్రంతా కూర్చోబెడితే, తెల్లవారి కాజీపేటలో దిగేసరికి కిలోమీటర్లు మాత్రం 132. డబ్బు 690 రూపాయల దరిదాపు. ఆగి ఉన్న సమయానికి వేరే లెక్కలు కొన్ని ఉన్నాయి, అవి లేవని మేము అనము. అయినా నడిచిన చక్రానికి ఉన్న విలువ నిలిచిన చక్రానికి లేదు. అలసట మాత్రం నిలిచిన బండిలోనే ఎక్కువ అని మా పెద్ద బావగారు అంటారు. ఆయన గూడ్సులో పదకొండేళ్ళు ఉన్నారు.

ఇప్పుడు నల్లబల్ల మీద రాసినట్టు ఒక లెక్క చేద్దాము. కొత్తగా గూడ్సు డ్రైవరు అయిన ఒక తమ్ముడు. మూలజీతం 35,400. దాని మీద కరువుభత్యం 58 శాతం, 20,532. వరంగల్‌లో అద్దె ఇల్లు, 20 శాతం చొప్పున 7,080. అదనపు భత్యం 750. ఇంతవరకు 63,762. ఆ నెల 3,000 కిలోమీటర్లు తిరిగాడు. 15,600. మొత్తం 79,362. ఇది తక్కువలో తక్కువ కట్టిన లెక్క, స్లిప్పులో కొంత ఎక్కువే కనబడవచ్చును. పెన్షను కోత, ఇతర కోతలు ఇందులోనుండి పోవాలి. మూలజీతం 60,000 దాటిన సీనియరు మెయిల్ డ్రైవరుకు మూలజీతం, కరువుభత్యం రెండూ కలిస్తేనే 94,800. కిలోమీటర్లు చేరితే లక్ష దాటిపోతుంది. ఖాలా చెప్పే లక్ష ఇదీ. ఇరవై అయిదేళ్ళ సర్వీసు చేసిన మనిషి జీతాన్ని నిన్న చేరిన కుర్రవాడికి తగిలించి చెబుతున్నారు. నిన్న చేరిన అసిస్టెంటుకు మూలజీతం, కరువుభత్యం కలిసి 31,442. ఆ పిల్ల తండ్రి ఈ అంకె అడగాలి.

మరుసటి నెల మన తమ్ముడికి చెల్లెలి నికా వచ్చింది, పదిహేను రోజులు సెలవు పెట్టాడు. కిలోమీటర్లు సగమైపోయాయి. సెలవు దినాలకు మూలజీతంలో 30 శాతం, అంటే ఆ జీతంలో భాగం అన్న లెక్క కలుపుతారు గాని, తిరిగినంత రాదు. పెళ్ళి ఖర్చు ఎక్కువైన నెలలోనే జీతం తక్కువ. ఈ చిక్కు మనలో చాలా ఇళ్ళకు అనుభవమే.

రాత్రి డ్యూటీ సంగతి చెప్పకపోతే లెక్క పూర్తి కాదు. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు చేసిన పనికి నైట్ డ్యూటీ అలవెన్సు ఉంది. 2020 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వుతో మూలజీతం 43,600 దాటినవారికి అది లేదన్నారు. సర్వీసు పెరిగి, వయసు పెరిగి, రాత్రి మెలకువ కష్టమయ్యే నాటికి రాత్రి డబ్బు ఆగిపోవడం ఏమి న్యాయమో అర్థం కాదు. రాత్రి జాగారం చేసే కంటికి మూలజీతం తెలియదు కదా.

డబ్బు ఒక పక్క, గంటలు ఒక పక్క. రెండు వారాలకు 104 గంటలు డ్యూటీ, అది దాటితే ఓవర్‌టైం. ఒక ట్రిప్పులో నడిపే డ్యూటీ మామూలుగా 9 గంటలు దాటకూడదు, అవసరమైతే ముందుగా చెప్పి 11 దాకా పొడిగించవచ్చును. ఇంటికి చేరాక, 8 గంటలు లేక అంతకు మించి చేసి ఉంటే, 16 గంటలు విశ్రాంతి. ఇది గాక నెలకు నాలుగుసార్లు 30 గంటల విశ్రాంతి, లేకపోతే అయిదుసార్లు 22 గంటలు. మాకు వారానికొక ఆదివారం పూర్తిగా ఉన్నది. వాళ్ళకు ఆ 30 గంటలలోనే ఆ 16 కలిసిందా, విడిగా 46 గంటలా అన్నదే ఒక పెద్ద తగాదా. 2024లో దక్షిణ రైల్వేలో కొందరు డ్రైవర్లు 46 గంటలు మా హక్కు అని ఇంటి దగ్గర ఉండిపోతే సస్పెన్షన్ల దాకా వెళ్ళింది. 2025 ఏప్రిల్‌లో రైల్వే బోర్డు, బండి నడిపేటప్పుడు భోజనానికి, మూత్రవిసర్జనకు వేళ కేటాయించడం కుదరదన్న కమిటీ మాటను అంగీకరించింది. బడిలో మా పిల్లలకు రెండు గంటలకొకసారి బెల్లు కొడతాము. ఇది విన్నాక బెల్లు కొట్టే అటెండరు కూడా నోరు వెళ్ళబెట్టాడు.

ఈ గంటలైనా ఊరికే రాలేదు. 1973లో లోకో రన్నింగ్ కార్మికులు దేశమంతటా సమ్మె చేశాకే డ్యూటీ ఎక్కినది మొదలు దిగేదాకా 10 గంటలు అన్న ఒప్పందం కుదిరింది. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన రైల్వే సమ్మె పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 1981లో మళ్ళీ సమ్మె చేస్తే, విచారణ లేకుండా తీసివేయబడినవారు ఎందరో. వారి కేసులు సుప్రీంకోర్టు దాకా పోయి 1993లో తీర్పు వచ్చేసరికి పన్నెండేళ్ళు గడిచాయి. ఆ పన్నెండేళ్ళు కట్టెల అడితిలో లెక్కలు రాసి పిల్లలను సాకిన ఒక పెద్దమనిషి కొడుకు మాకు సహాధ్యాయి. ఈనాటి జీతపు స్లిప్పు మీద ఆయన వంటివారి చెమట కూడా ఉంది.

ఇక మేము భయపడే విషయానికి వస్తాము. డ్రైవరుకు 45 ఏళ్ళు వచ్చేదాకా నాలుగేళ్ళకొకసారి, తరువాత రెండేళ్ళకొకసారి, 55 దాటాక ఏటేటా వైద్య పరీక్ష. అందులో ముఖ్యమైనవి కళ్ళు. చూపు తగ్గినా, చక్కెర ఎక్కువై అదుపులోకి రాకపోయినా, గుండెకు ఏదైనా వచ్చినా ఇంజను ఎక్కనివ్వరు. ఉద్యోగం తీసివేయరు, ఆఫీసులోనో లాబీలోనో కూర్చునే పని ఇస్తారు. అప్పుడు మూలజీతానికి 30 శాతం కలిపి కొత్త జీతం కడతారు. ఆ కలిపినది మంచిదే. కాని ప్రతి నెలా వచ్చే కిలోమీటరు డబ్బు ఆ రోజుతో ఆగిపోతుంది.

మన వీధిలోనే ఒక ఇంట్లో ఇది జరిగింది. పేరు చెప్పము. బాంకు నుండి ఇంటి అప్పు తీసుకున్నారు. బాంకువాళ్ళు ఆరు నెలల స్లిప్పులు చూసి, కిలోమీటరు డబ్బుతో సహా మొత్తం లెక్కలోకి తీసుకుని నెలవాయిదా కట్టారు. ఇంటాయన కూడా మురిసిపోయి, మేడ మీద ఇంకో గది వేశారు. 48వ ఏట కంటి పరీక్షలో నిలబడలేకపోయారు. వాయిదా మాత్రం అంతే నిలబడి ఉంది. పెద్ద కూతురు ఇంటర్ రెండో సంవత్సరంలో మా బడికి వచ్చి, పార్ట్‌టైం ఏదైనా పని చూపండి సార్ అని అడిగింది. చదువులో మొదటి వరుస పిల్ల. సొసైటీ ఆ ఏడు ఫీజు కట్టింది గాని, ప్రతి ఇంటికీ ప్రతి ఏడూ సొసైటీ కట్టలేదు గదా.

కాబట్టి రైల్వే ఇళ్ళ అమ్మలకు మా మనవి ఒకటే. జీతపు స్లిప్పు ఇంటికి తెప్పించుకోండి. అది ఇప్పుడు ఫోనులోనే వస్తుంది. అందులో రన్నింగ్ అలవెన్సు అని, కేఎంఏ అని ఉన్న వరుస మీద వేలు పెట్టి, దానిని పక్కకు తీసి, మిగిలినదానితో బియ్యం, అద్దె, ఫీజు, వాయిదా సరిపోతున్నాయా చూడండి. సరిపోకపోతే ఇప్పుడే తగ్గించుకోవాలి. పక్కకు తీసినది సంచీలో వేయండి, నగలో వేయండి, పోస్టాఫీసులో వేయండి, అది మీ ఇష్టం. నెల ఖర్చులో మాత్రం వేయకండి.

పెన్షను దగ్గర కూడా తేడా ఉంది. 2004 జనవరికి ముందు చేరినవారికి పాత పెన్షను. వారికి చివరి మూలజీతానికి 55 శాతం కలిపి పెన్షను కడతారు. 60,000 మూలజీతం అయితే 93,000గా లెక్క వేసి, అందులో సగం 46,500. డ్రైవరుకు ఉన్న గొప్ప మేలు ఇది. ఆ తరువాత చేరినవారు జీతంలో కోత పెట్టించుకునే కొత్త పద్ధతిలో ఉన్నారు. 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పెన్షను అని ఇంకొకటి ఎంచుకునే వీలు ఇచ్చారు. తండ్రి పెన్షను చూసి కొడుకూ అంతే వస్తుందనుకుంటే పొరపాటు.

ఇంత చెప్పాక మీ అబ్బాయిలను ఈ ఉద్యోగానికి పోవద్దంటున్నామా? ఎంతమాత్రం కాదు. పోవాలి. మగపిల్లలే కాదు, ఆడపిల్లలూ పోవచ్చును. మహారాష్ట్రకు చెందిన సురేఖా యాదవ్ 1989లో అసిస్టెంటు అయి, 2023 మార్చిలో షోలాపూరు నుండి ముంబయికి వందేభారత్ నడిపి, 2025 సెప్టెంబరులో రిటైరు అయ్యారు. అయితే ఇంజనులో సరైన మరుగు సౌకర్యం లేకుండా ఆడపిల్లను పంపమనడం తేలిక కాదని కూడా మేము ఒప్పుకుంటాము.

పోవడానికి కావలసినవి చెబుతాము, రాసుకోండి. టెన్త్‌తోపాటు ఐటీఐ సర్టిఫికెట్టు, లేక ఇంజనీరింగు డిప్లొమా. ఇక్కడే మనవాళ్ళు దెబ్బ తింటున్నారు. టెన్త్ కాగానే మామూ షెడ్డులోనో చాచా వర్క్‌షాపులోనో చేరి, ఇరవై ఏళ్ళకు డీజిల్ ఇంజను విప్పి బిగించగల పిల్లలు మా కళ్ళ ముందు పదిమంది ఉన్నారు. చేతిలో పని ఉంది, కాగితం లేదు. ఆ కాగితం లేనిదే దరఖాస్తు పెట్టనివ్వరు. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్ వంటి ట్రేడులలో చేర్పించండి. 2025లో 9,970 పోస్టులకు నోటిఫికేషను వచ్చింది. వయసు 18 నుండి 30. పరీక్ష కంప్యూటరు మీద. ప్రశ్నపత్రం తెలుగులోనే కాదు, ఉర్దూలో కూడా ఎంచుకోవచ్చును. ఈ సంగతి మా బడి పిల్లలకే తెలియకపోవడం మాకు బాధ. మైనారిటీలకు ఫీజు 250 రూపాయలే, మొదటి పరీక్షకు హాజరైతే అదీ బాంకు కోతలు పోను వెనక్కు వస్తుంది. మొదటి పరీక్ష, రెండవ పరీక్ష, తరువాత చురుకుదనాన్ని, ఏకాగ్రతను కొలిచే ఇంకొక పరీక్ష.

అన్నిటికంటె ముందు కళ్ళు. అద్దాలు లేకుండా రెండు కళ్ళకూ 6/6 ఉండాలి, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియాలి. లేజరు ఆపరేషను చేయించుకున్న కళ్ళు పనికిరావు. రెండేళ్ళు ఐటీఐ చదివి, పరీక్షలన్నీ గట్టెక్కి, చివరన కంటి డాక్టరు దగ్గర వెనక్కు వచ్చిన పిల్లవాడిని చూశాము. అతడు తల్లిదండ్రులకు ముఖం చూపించలేక రెండు రోజులు స్టేషనులోనే ఉన్నాడు. ఐటీఐలో చేర్పించే ముందే, ఎనిమిదో తొమ్మిదో తరగతిలోనే కళ్ళు చూపించండి. రంగులు చూపే పుస్తకం ఒకటి సొసైటీ ఆఫీసులో తెప్పించి పెట్టాము. ప్రతి ఆదివారం అసర్ తరువాత మేము అక్కడ ఉంటాము. పిల్లలను తీసుకుని రండి. స్లిప్పులు చదవడం రాని అమ్మలు స్లిప్పు కూడా తెచ్చుకోండి, కేఎంఏ వరుస ఎక్కడ ఉన్నదో చూపిస్తాము.